నాలుగింటి నుంచి అయిదింటి దాకా

నన్ను సస్పెండ్ చేశారన్న సంగతి ఊరంతా పాకిన మూడు రోజులకు గానీ నా చెవిన పడలేదు. చెప్పింది మా ఆశా వర్కరు రజిని. రజినికి చెప్పింది వాళ్ళ తోడికోడలు. ఆ తోడికోడలికి చెప్పింది, నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో ఆమెకు ముందు నిలబడ్డ పాపమ్మ. పాపమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య రొమ్ము ఎత్తు గోడ ఒకటుంది. దాని మీద మోచేతులు ఆనించి నిలబడితే మా వసారాలో చీమ పాకినా కనిపిస్తుంది.

"చెంచమ్మ కోడలు శివకుమారి ఉండాది చూడు, నర్సమ్మ, దానికి ఉద్యోగం ఊడిందంట. లేకుంటే నాలుగు కొట్టేసరికి చాప ఏసుకోని ఇంట్లో కూచుంటాదా? అదిగూడా ఈ ఎండల్లో ఉల్లన్ దారం అల్లుకుంటా. ఆ దిగులుకు మెదడు గూడా కొంచెం కదిలినట్టుండాది. పాపం, మనకెందుకులే, ఎవురితోనూ అనమాకండి" అందట.

"నిజమేనా అక్కా?" అంది రజిని.

"పొద్దున ఏడు నుంచి నీతోనే గదా తిరుగుతాండా."

"అదే మాట నేనూ అన్నా. అయినా మనకు తెలీకుండా ఆర్డరు ఏమన్నా వచ్చిందేమోనని."

ఏప్రిల్ నెల. కొనకనమిట్ల మండలంలో మా ఊళ్ళో ఆ నెలలో కాకి కూడా మధ్యాహ్నం గూడు దాటదు. అలాంటి ఎండలో నేను ఉల్లన్ అల్లుతున్న మాట నిజమే. పాపమ్మ మీద నాకు కోపం రాలేదు. మా వైపు ఉద్యోగం చేసే ఆడది పగటిపూట చాప మీద కూర్చుందంటే అయితే కాన్పయి ఉండాలి, లేదంటే కాలన్నా విరిగి ఉండాలి. నాకు ఒళ్ళో బిడ్డా లేదు, కాలికి కట్టూ లేదు. ఇంక మిగిలింది సస్పెన్షనే కదా. ఆమె లెక్క ఆమెది.

అసలు జరిగింది ఇది. మార్చి నెలాఖరు బుధవారం, టీకాల రోజు. మూడున్నర నెలల బిడ్డ తొడ మీద దూదితో తుడిచి సూది ఎత్తాను. చెయ్యి వణికింది. సిరంజి బాగాలేదని పక్కన పెట్టి ఇంకొకటి తీశాను. అదీ వణికింది. పన్నెండేళ్ళ సర్వీసులో, నిద్రలో లేపి ఇమ్మన్నా సూది ఇచ్చే చెయ్యి నాది. బిడ్డ తల్లి నా వేళ్ళ వంకే చూస్తోంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఎలాగో ఇచ్చాను. ఇచ్చాక ఐస్ బాక్సు మూత పెట్టి, దాని మీదే కూలబడ్డాను.

మా డాక్టరు మేడం బీపీ చూసింది. నూట యాభై, వంద. నేను రోజుకు ఇరవై మందికి చూసి తిట్టే నంబరది.

"నీ ఫోన్లో ఎన్ని యాప్‌లున్నాయి శివకుమారీ?"

"ఆఫీసువే పదకొండు మేడం. మొన్న ఇంకొకటి ఎక్కించుకోమన్నారు, సరేనన్నా."

"నువ్వు ఎవరికన్నా ఎప్పుడన్నా కాదని చెప్పావా?"

ఆలోచించాను. గుర్తు రాలేదు.

"రోజుకు ఒక గంట ఫోన్ ముట్టుకోవద్దు. ఆ గంటలో చేతులకు నీకిష్టమైన పనేదన్నా పెట్టు. ఇంటిపని కాదు, ఆఫీసు పని కాదు. మూడు నెలలు చూస్తా. అప్పటికీ వణుకు తగ్గకపోతే పసిబిడ్డలకు సూది వేయించను నీతో. రాసి పైకి పంపిస్తా. తర్వాత నా మీద ఏడవద్దు."

ఇష్టమైన పని ఏదో కనుక్కోవడమే నాకు పెద్ద పనయింది. ఆ వారం మార్కాపురంలో మీటింగయ్యాక బస్సు లేటయితే, ఫ్యాను కింద కూర్చోవచ్చని శాఖా గ్రంథాలయంలోకి వెళ్ళాను. లోపల పదిహేను మంది పిల్లలు పరీక్షల పుస్తకాల్లో తలలు దూర్చి ఉన్నారు. గ్రంథాలయం ఆయన పేరు బ్రహ్మం. నన్ను చూడగానే వేలు చూపించాడు.

"గ్రూప్స్‌వి ఆ బల్ల, డీఎస్సీవి ఈ బల్ల. కరెంట్ అఫైర్స్ ఎవరో తీసుకున్నారు, ఆగాలి."

"అవేం వద్దు సార్. ఊరికే చదువుకునేదానికి."

"ఊరికేనా?" అని కళ్ళజోడు పెట్టుకుని నన్ను మళ్ళీ చూశాడు. "అయితే తాళం చెవి వెతకాల."

పావుగంట వెతికి, గోడవారన ఉన్న బీరువా తెరిచాడు. బీరువాలోంచి దుమ్ము, నాఫ్తలీన్ ఉండల వాసన, వాటి వెనకాల పుస్తకాలు వచ్చాయి. నేను రెండు తీసుకున్నాను. ఒకటి కుట్లు, అల్లికల పుస్తకం, బొమ్మలతో. రెండోది లావుపాటి పాత నవల. అట్ట ఊడిపోయి దాని పేరేమిటో, రాసిందెవరో కూడా తెలియదు.

"పదైదు రోజుల్లో తెచ్చియ్యాలమ్మా. ఆలస్యమైనా పరవాలేదులే. వీటికోసం ఎవరూ లైన్లో లేరు" అన్నాడు.

బస్టాండు దారిలో గాజుల దుకాణంలో క్రోషా సూది, గులాబీ రంగు ఉల్లన్ ఉండలు రెండు కొన్నాను. గులాబీ నా ఎంపిక కాదు. చలికాలం మిగిలిపోయిన రంగు అదొక్కటే ఉంది.

నాలుగింటి నుంచి అయిదింటి దాకా నా గంట అనుకున్నాను. పొద్దున ఏడింటికి బయల్దేరి మూడున్నరకు ఇల్లు చేరతాను. అయిదు దాటాక మళ్ళీ ఇంటింటికీ తిరిగే పని ఉంటుంది. ఆ మధ్య గంటలో ఫోన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేదాన్ని. కాన్పు కేసు వస్తే రజిని పరుగెత్తుకొస్తుంది, ఆమె ఇల్లు మూడిళ్ళ అవతలే. మిగతా లోకం ఒక గంట ఓర్చుకోగలదని నాకు నేనే చెప్పుకున్నాను. మొదటి రోజు డబ్బాలో ఫోన్ ఏడుసార్లు మోగింది. ఏడుసార్లూ నా గుండె బియ్యంలోనే ఉంది.

మా అత్త చెంచమ్మకు ఇది మింగుడు పడలేదు. ఆమె అరవై రెండేళ్ళ మనిషి. ఊరికే కూర్చున్న ఆమెను నేను చూడలేదు. టీ తాగేటప్పుడు కూడా ఒక చేత్తో కందులు ఏరుతుంది.

"ఏందమ్మాయ్ అది?"

"టోపీ అత్తా. పసిపిల్లలకు."

"ఎవురి పిల్లలకు?"

"ఎవరికీ కాదు. పుస్తకంలో మొదట అదే ఉంది."

మా అత్త లోపలికి పోయి, నేను వినాలని గిన్నెలతో చెప్పింది. "ఎవురికీ కాదంట. వంద డిగ్రీల ఎండలో, పుట్టని బిడ్డకు, ఉల్లన్ టోపీ అంట."

మా ఆయన వెంకటేష్ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేస్తాడు. సాయంత్రం తలనిండా పలక పొడితో వచ్చి, నా అల్లిక చూసి, "యూట్యూబ్‌లో పెట్టరాదా?" అన్నాడు. ఆయనకు లోకంలో దేన్ని చూసినా అదే మాట. మా పాప గిద్దలూరులో మా అమ్మ దగ్గర చదువుకుంటోంది, లేకపోతే ఫోన్లో తీసి ఆ పనీ చేసేసేది. మా మామ మస్తానయ్యకు నలభై మేకలున్నాయి. మాట్లాడేదేమన్నా ఉంటే వాటితో మాట్లాడి వస్తాడు.

టోపీ పూర్తి కావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఎక్కడో లెక్క తప్పాను. చివరకు వచ్చింది ఏ బిడ్డ తలకూ పట్టదు, నిమ్మకాయకు పెద్దది. పైగా కళ్ళు కళ్ళుగా వలలాగా ఉంది. అయినా నా జీవితంలో ఎవరూ అడగకుండా నేను చేసిన మొదటి వస్తువు. వసారా స్తంభానికున్న మేకుకు తగిలించి, ఆ రాత్రి అన్నం తింటూ రెండుసార్లు చూసుకున్నాను.

తెల్లారి మేకు ఖాళీగా ఉంది.

"అత్తా, టోపీ ఏది?"

"నాకేం ఎరుక. కాకెత్తుకు పోయిందేమో. కాకిపిల్లకు సరిపోయేట్టే ఉండాది గదా."

సాయంత్రం నాలుగింటికి చాప వేసుకుని కూర్చున్నాను, చేతిలో సూది ఉంది గానీ మనసు లేదు. అయిదు కొట్టే వేళకు మేకల గంటలు వినిపించాయి. మందలో అన్నిటికన్నా ముందు, ఒంటిమీద ఎర్రమచ్చలున్న చిన్న పిల్ల ఒకటి గెంతుకుంటూ వచ్చింది. దాని మూతికి నా టోపీ ఉంది. రెండు పక్కలా దారం గుచ్చి, చెవుల వెనకగా ముడివేసి, ఎంతో చక్కగా కట్టారు.

"మామా, ఏందిది?"

"చిక్కం గదమ్మా" అన్నాడు మామ, నేనే మర్చిపోయానేమో అన్నట్టు. "ఈ ముండ మన్ను తింటాంది. నాలుగు దినాలుగా పారుకుంటాంది. నీకెట్లా తెలిసిందో, మేకుకు తగిలిచ్చినావు. మెత్తగా ఉండాది. నైలాను తాడుదయితే మూతి ఒరుసుకోని పుండు పడుద్ది. కొలత గూడా అచ్చంగా సరిపోయింది."

దున్నేటప్పుడు పైరు మీద మూతి పెట్టకుండా ఎద్దులకూ, మన్ను తినకుండా దూడలకూ, మేకపిల్లలకూ మూతికి కట్టే వలను చిక్కం అంటారు. మేకలు మేపే ఇంట్లో పుట్టి, మేకల మధ్యనే ముసలివాడైన మనిషికి, అంత సైజులో, అన్ని కళ్ళతో అల్లింది ఇంకేదిగానైనా ఎందుకు కనబడుతుంది? పైగా ఆయన ముఖంలో పట్టరానంత సంతోషం, కోడలు రోజూ గంటసేపు కూర్చుని తన మేకపిల్లకోసమే కష్టపడిందనుకుంటున్నాడు.

నేను నోరు తెరిచాను. అంతలో ఆ మేకపిల్ల గులాబీ మూతితో నా దగ్గరకొచ్చి అల్లికల పుస్తకం వాసన చూసింది. తినడానికి ప్రయత్నించింది, కుదర్లేదు. కోపంతో వెనక్కి గెంతి నీళ్ళ తొట్టికి గుద్దుకుంది. నాకు నవ్వు మొదలైంది. ఆపుదామంటే ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చి, పక్కటెముకలు నొప్పెట్టి, చాప మీద పక్కకు వాలిపోయి నవ్వాను. గోడమీద పాపమ్మ మోచేతులు కనిపించాయి.

"చెంచమ్మ వదినా," అంది మెల్లగా, "డాక్టరుకు సూపిచ్చినారా పిల్లను?"

"అదే గదమ్మా డాక్టరు" అంది మా అత్త.

ఆ చిక్కం నా కొంప ముంచింది. మన్ను తినడం మానేసిన మేకపిల్ల మూడు రోజుల్లో కోలుకుంది, వారంలో ఊళ్ళో దానికి నాకన్నా ఎక్కువ పేరొచ్చింది. పుల్లలచెరువు వైపు నుంచి మా మామకు దూరపు చుట్టం శాంతయ్య వచ్చాడు, వందకు పైగా జీవాలున్నవాడు. మేకపిల్లను ఎత్తుకుని మూతి చుట్టూ వేలు పెట్టి చూశాడు.

"నాకు పన్నెండు కావాల పెద్దమ్మా. ఎర్రవి. అడివి అంచున మందలు కలిసిపోతే నా పిల్లలేవో దూరం నుంచే ఆనవాలు తెలియాల."

"ఎంత భాగ్యం. అమావాస్య లోపల వచ్చి తీసుకుపో నాయనా, మా అమ్మాయి అల్లిస్తాది" అంది మా అత్త, మజ్జిగ గ్లాసు అందిస్తూ. నన్ను అడగాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. కాదనాలన్న ఆలోచన నాకూ రాలేదు. నా వంక చూశారు, తల ఊపాను.

ఎర్ర ఉల్లన్ వెంకటేషే తెచ్చాడు, ఉత్సాహంగా. నాలుగింటికి కూర్చునేదాన్ని గానీ ఇప్పుడు అది చిక్కాల పని. ఒకటి పూర్తయితే ఇంకా పదకొండు, రెండయితే పది. శాంతయ్య ఫోన్ చేసి ఎన్నయ్యాయని అడిగేవాడు. ఫోన్ బియ్యం డబ్బాలోంచి చాప మీదికొచ్చింది. అది చాప మీద ఉంది గనుక మిగతావాళ్ళూ చేసేవాళ్ళు. "మేడం, ఆ సర్వే ఫోటోలు అప్‌లోడ్ కాలేదు." "మేడం, రేపటికల్లా జాబితా." ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో సూది. నవల చాప చివర మూసే ఉంది.

అయిదో చిక్కం రోజు, మే నెల రెండో వారం, మా అత్తకు మజ్జిగ పోస్తున్నాను. చెంబు అంచు గ్లాసుకు తగిలి టకటకమని మోగింది. మజ్జిగ ఆమె చేతి మీద ఒలికింది. నేను చెంబు కింద పెట్టి చెయ్యి చీర కొంగులో దాచుకున్నాను.

మా అత్త తన చెయ్యి తుడుచుకుంది. గ్లాసు తీసుకుని తాగింది. ఆ రోజు ఆమె కందులు ఏరకపోవడం మాత్రం గమనించాను.

మర్నాడు నాలుగింటికి ఇంట్లోంచి బయటికొచ్చేసరికి నా చాప మీద నా చోట్లో మా అత్త కూర్చుని ఉంది. ఎర్ర ఉండ ఒళ్ళో ఉంది. క్రోషా సూదిని పళ్ళు కుట్టుకునే పుల్లను చూసినట్టు చూస్తోంది.

"ఇదెట్లనో సూపీ."

"నీకెందుకత్తా, నేను అల్లుతా గదా."

"మాటిచ్చింది నేను. నీ చేతులు ఎందుకరగాల? సూపీ."

చూపించాను. ఆమెది ఉట్లు అల్లిన చెయ్యి, తాళ్ళు పేనిన చెయ్యి. అరగంటలో సూదిని పక్కన పడేసింది. "ఇది అడ్డం" అని, వేళ్ళతోనే లాగుతూ మూడు వరసలు వేసేసింది. నా మూడు రోజుల పని ఆమెకు ఒక్క సాయంత్రం పని. నాకు కాస్త అసూయ కూడా వేసింది.

చెయ్యడానికేమీ లేక పక్కన కూర్చున్నాను. ఫోన్ మోగింది. అందుకోబోయాను. మా అత్త దాన్ని తీసుకుని, ఏది నొక్కాలో తెలియక, మోగుతుండగానే తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టి వచ్చింది. వచ్చి మళ్ళీ కూర్చుని, అల్లుతూనే అంది.

"ఊరికే ఎందుకు కూచుంటావు. ఆ లావు పుస్తకమన్నా సదువు, ఇంటాను."

అలా మొదలైంది మా చదువు. ఆ నవలలో నాగరత్నం అనే ఆమె ఉంది. మొగుడు పోయాడు. ఊళ్ళో నాలుగెకరాల చేను ఉంది, పక్క చేను బావగారిది. ఆ బావ ఏడాదికి ఒక మూర చొప్పున గట్టు జరుపుతుంటాడు. మొదటి రోజు పది పేజీలు చదివాను. మా అత్త నడుమ నడుమ ఆపేది.

"ఆగాగు. గట్టు జరిపినాడని తెలిసి గూడా ఆయన వస్తే పీట ఏసిందా?"

"వేసింది అత్తా. పెద్దాయన గదా."

"బుద్ధి లేదు ముండకు. ఊఁ, సదువు."

మూడో రోజు మా మామ అయిదింటికి రావలసినవాడు నాలుగున్నరకే మేకల్ని తోలుకొచ్చాడు.

"ఏమయ్యా, మేకలకు అప్పుడే పొద్దుగూకిందా?" అంది అత్త.

"దప్పికయినట్టుండాది వాటికి" అని, తొట్టి దగ్గర కాసేపు అటూ ఇటూ తిరిగి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వింటున్నట్టు ముఖం పెట్టలేదు. బావ పట్టపగలు గట్టు రాళ్ళు తీయించిన చోటుకు వచ్చేసరికి మాత్రం తల ఎత్తాడు.

"అది రాసినాయన సేద్యం ఎరగడు. గట్టు జరిపేవోడు పగలు జరపడు."

"నీకెట్లా తెలుసు?" అంది అత్త.

మామ మళ్ళీ మేకల వైపు తిరిగిపోయాడు.

ఆ తర్వాత మేకలకు రోజూ నాలుగింటికే దప్పికయ్యేది. రజిని కూడా వచ్చి కూర్చునేది, "కాన్పు కేసు ఏమన్నా ఉంటే ఇక్కడే చెప్పొచ్చు గదక్కా" అని. గోడమీద మోచేతులకు పాపమ్మ గోనెపట్టా మడత వేసుకుంది. లోపలికి రమ్మంటే, "నాకాడ పనుండాది, నిలబడే ఇంటాలే" అనేది. గంటసేపూ అలాగే నిలబడేది. శనివారం నాగరత్నం బావ కూతురి పెళ్ళి దగ్గర ఆపాను. ఆదివారం నేను ముండ్లమూరులో బంధువుల శుభకార్యానికి పోయి, చీకటి పడే వేళకు తిరిగొచ్చాను. పాపమ్మ వీధిలోనే అడ్డం పడింది. "నువ్వు ఏడికి పోవాలన్నా పో తల్లీ, ఆ పెండ్లి అయిందో చెడిందో చెప్పిపోవద్దా? నిన్న మాపు అన్నం సయించలా నాకు" అంది.

పన్నెండు చిక్కాలూ అమావాస్యకు నాలుగు రోజుల ముందే అయిపోయాయి. శాంతయ్య వచ్చి తీసుకుపోయాడు. ఆ సాయంత్రం మా అత్త మళ్ళీ కందుల చేట పట్టుకుంటుందనుకున్నాను. నాలుగింటికి వచ్చి చూస్తే చాప మీద కూర్చుని పసుపుపచ్చ దారంతో ఏదో మొదలు పెట్టింది. ఆ ఉండ వెంకటేష్ చేత విడిగా తెప్పించుకుందని తర్వాత తెలిసింది.

"ఏంది అత్తా అది?"

"ఏమో. ఇంకా తెలీలా" అంది. అని, వెంటనే ముఖం గంభీరంగా పెట్టుకుంది, తను అన్నమాట తనకే వింతగా తోచినట్టు.

నేను కూడా నా సూది పట్టుకున్నాను. ఒక పేజీ చదివి, ఒక వరస అల్లేదాన్ని. లెక్క తప్పితే విప్పేదాన్ని. విప్పడం కూడా బాగుండేది. ఆఫీసులో ఒకసారి నొక్కింది విప్పలేం. నవల గడువు రెండుసార్లు దాటింది. మార్కాపురం పోయి చూపిస్తే బ్రహ్మం గారు తారీకు మళ్ళీ వేసి, "ఆ నాగరత్నం చేను దక్కించుకుంటాదా లేదా?" అని అడిగాడు. "మీరు చదవలేదా సార్?" అన్నాను. "మొదటి నాలుగు పేజీలే అయినాయి. మిగతాది ఇరవై ఏళ్ళుగా చదవాలనుకుంటాన్నా" అన్నాడు.

జూన్ నెలాఖరు బుధవారం డాక్టరు మేడం మా ఊరి టీకాలకు వచ్చింది. చెప్పి రాలేదు. నా వెనకాల నిలబడింది. వరసలో ఏడుగురు బిడ్డలు. ఏడో బిడ్డకు ఇచ్చి దూది నొక్కేదాకా ఆమె అక్కడున్నట్టే నాకు తెలియలేదు. బిడ్డ ఏడుపు మొదలుపెట్టేలోపే సూది బయటికొచ్చేసింది. మేడం నా కుడిచెయ్యి తీసుకుని, వేళ్ళు చాపించి, వాటి మీద ఒక కాగితం పెట్టింది. కాగితం కదల్లేదు. బీపీ నూట ఇరవై ఆరు, ఎనభై రెండు.

"ఏం మాత్రలు వాడావు?"

"మాత్రలు లేవు మేడం. గులాబీ ఉల్లన్, తర్వాత ఎర్ర ఉల్లన్. నాగరత్నం."

"నాగరత్నం ఎవరు?"

"పొడుగు కథ మేడం. నాలుగింటికి వస్తే తెలుస్తుంది."

ఆమె నవ్వి పోయింది. పైకి ఏమీ రాయలేదు. ఆ రోజు ఇంటికి పోతూ రజిని, నేను దారిలో సోడా తాగాం. రెండేసి తాగాం.

జూలై మొదట్లో వాన పడింది. మా మామ చేను దున్ని కంది విత్తాడు. ఇంటి ముందు మన్ను వాసన, చాప అంచుల మీద చినుకులు. నవల చివరి యాభై పేజీల్లో ఉంది. నాగరత్నం ఊరి పెద్దల ముందుకు పోయి నిలబడింది. బావ కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ఆ ఆదివారం వెంకటేష్ కూడా ఇంట్లో ఉండి, పలక పొడి కడుక్కుని వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు.

"'నాగరత్నమ్మా, నీ చేతిలో కాగితమేమన్నా ఉందా?' అని అడిగాడు పెద్దమనిషి. నాగరత్నం తల ఎత్తింది..." అని చదువుతున్నాను. వీధి తలుపు తీసుకుని పాపమ్మ లోపలికొచ్చింది. గోడ దగ్గర కాకుండా తలుపు గుండా రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ చీర కట్టింది. చేతిలో పొదుపు గ్రూపు ఫైలుంది. ఆ గ్రూపుకు ఆమే లీడరు.

"ఆపు తల్లీ ఒక నిమిషం. మంచి మాట తెచ్చినా. మండలంలో మాట్లాడొచ్చినా నేను. మీ అత్తాకోడళ్ళ అల్లిక సంగతి చెప్తే మేడాలు ఎగిరి గంతేసినారు. మన ఊరికి అల్లికల యూనిట్ ఇస్తారంట. నువ్వు సదువుకున్నదానివి, నర్సమ్మవు, నువ్వే ముందర ఉండి నేర్పియ్యాలంట. పది మంది ఆడోళ్ళం కూచుంటాం. టైము గూడా చెప్పేసినా, నీకు ఇబ్బంది లేకుండా నాలుగింటి నుంచి అయిదింటి దాకా. వారానికొక ఫోటో పెట్టాలంట, దానికొక యాప్ ఉండాదంట. నువ్వు ఊఁ అంటే చాలు."

"మంచిదే గదా" అన్నాడు వెంకటేష్. "పేరొస్తది నీకు."

మామ స్తంభానికి ఆనుకున్న వీపు తీసి నిటారుగా కూర్చున్నాడు. రజిని నా వంక చూసింది. పాపమ్మ ఫైలు తెరిచి, నా పేరు ముందే రాసి ఉన్న కాగితం తీసి నా ముందుకు చాపింది. ఆమె ముఖంలో కల్మషం లేదు. నాకు మేలు చేస్తున్నాననే నమ్మకం ఉంది. కాదనడానికి మాట వెతుక్కున్నాను. పన్నెండేళ్ళుగా వాడని మాట, ఎక్కడ పెట్టానో దొరకలేదు. నవలలో వేలు పెట్టి మూశాను. కుడిచెయ్యి దానంతటదే కాగితం వైపు పోయింది. సరే అనే మాట పళ్ళ దాకా వచ్చేసింది.

మా అత్త పసుపుపచ్చ దారం మీద నుంచి తల ఎత్తలేదు. వరస తప్పకుండా వేళ్ళతో ఇంకో ముడి లాగింది.

"కత నడమన ఉండాది పాపమ్మా. ఇనేదుంటే ఆ ఫైలు ఆడబెట్టి కూచో. లేకుంటే నీ దారిన పో."